కళాశాలకు వనరుల ప్రణాళికా సాఫ్ట్‌వేర్ ఎంపిక: ప్రమాణాలు – పరీక్షలు

వ్యాససంగ్రహం:
ప్రవేశాలు, ఫీజులు, హాజరు, జీతాలు, గ్రంథాలయం వంటి వేర్వేరు విభాగాల పనిని ఒకే సమాచార నిధి ఆధారంగా నడిపే సాఫ్ట్‌వేర్‌ను వనరుల ప్రణాళికా సాఫ్ట్‌వేర్ అంటారు. దాన్ని ఎంచుకునే బాధ్యత నేడు కళాశాలల్లో అధ్యాపకుల కమిటీల మీద పడుతోంది. విక్రేత చూపే ప్రదర్శనను బట్టి కాక, సంస్థ తన పనివిధానాన్ని ముందుగా రాసుకొని, తన సొంత రికార్డులతో పరీక్షించి ఎంపిక చేసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల అవసరాలను, తెలుగు లిపికి సంబంధించిన సమస్యలను ఇందులో ప్రత్యేకంగా వివరించాను.

కీలకపదాలు: వనరుల ప్రణాళిక, ఇ.ఆర్.పి., కళాశాల పరిపాలన, యూనికోడ్, ఫీజు రీయింబర్స్‌మెంట్, డేటా రక్షణ.

1. ఉపోద్ఘాతం:

కళాశాలలో సాఫ్ట్‌వేర్ కొనుగోలు కమిటీ ఏర్పాటైనప్పుడు కంప్యూటర్ విభాగం వారితో పాటు భాషాధ్యాపకులను కూడా సభ్యులుగా తీసుకోవడం మామూలే. సాంకేతిక విషయం మనకెందుకని ఆ సభ్యులు సంతకం వరకే పరిమితం కావడం కూడా మామూలే. ఈ వ్యాసకర్త కూడా ఒకప్పుడు అలాంటి సభ్యత్వాన్ని అలాగే భావించిన మాట నిజం. ఎంపికలో అత్యధిక భాగం సాంకేతిక విషయం కాదన్న సంగతి పని మొదలైన తర్వాతే తెలిసింది. ఏ పని ఎవరు చేస్తారు, ఏ పేరు ఎలా నమోదవుతుంది, ఏ బాకీ ఎవరి ఖాతాలో పడుతుంది అనేవి సంస్థను ఎరిగినవారు మాత్రమే జవాబు చెప్పగలిగిన ప్రశ్నలు. ఆ జవాబులు లేకుండా కొన్న సాఫ్ట్‌వేర్ వల్ల చివరికి ఇబ్బందిపడేది విద్యార్థి, గుమాస్తా.

2. భావన – పరిణామం:

ఈ సాఫ్ట్‌వేర్ మూలాలు కర్మాగారాల్లో ఉన్నాయి. 1960లలో అమెరికాలోని తయారీ సంస్థలు ఒక వస్తువుకు ఏ విడిభాగం, ఎంత, ఎప్పటికి కావాలో లెక్కగట్టడానికి కంప్యూటర్లను వాడసాగాయి. ఈ పద్ధతిని ‘మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్’ అన్నారు. జోసెఫ్ ఆర్లికీ 1975లో ఇదే పేరుతో ప్రచురించిన గ్రంథం ఈ రంగంలో ప్రామాణికమైంది. 1980లలో యంత్రాల సామర్థ్యం, పనిగంటలు, ఆర్థిక లెక్కలు కూడా ఇందులో చేరాయి. సంస్థలోని అన్ని విభాగాలకూ విస్తరించిన దశకు 1990లో గార్ట్‌నర్ సంస్థ ‘ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్’ అని పేరు పెట్టింది. దీన్నే సంక్షిప్తంగా ఇ.ఆర్.పి. అంటున్నాం.

ఈ పరిణామం నుంచి రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, ఇందులో ప్రతి సమాచారం ఒకేచోట ఉంటుంది. విద్యార్థి చిరునామాను ఒకసారి మారిస్తే కార్యాలయంలోనూ, గ్రంథాలయంలోనూ, హాస్టల్లోనూ మారుతుంది. అదే విధంగా ఒకచోట దొర్లిన తప్పు కూడా అన్నిచోట్లకూ చేరుతుంది. రెండవది, ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ దాని రూపకర్తలు ఊహించిన పనివిధానం ఒకటి ఇమిడి ఉంటుంది. ఆ విధానం మన సంస్థ విధానంతో కలవనప్పుడు సాఫ్ట్‌వేర్‌నైనా మార్చాలి, మన పద్ధతినైనా మార్చుకోవాలి. ఎంపికలోని అసలు నిర్ణయం ఇదే.

3. రెండు సంస్థల అనుభవాలు:

అమెరికాకు చెందిన మిఠాయిల సంస్థ హెర్షీ సుమారు 11 కోట్ల 20 లక్షల డాలర్లు వెచ్చించి 1999లో కొత్త వ్యవస్థను ప్రవేశపెట్టింది. నాలుగేళ్ళు పట్టవలసిన పనిని 30 నెలల్లో ముగించాలనుకుంది. పాత వ్యవస్థలు 2000 సంవత్సరాన్ని సరిగా గుర్తించలేవన్న భయం ఆ తొందరకు ఒక కారణం. వ్యవస్థ పూర్తిగా అమలులోకి వచ్చిన జులై, హాలోవీన్ పండుగకు ఆర్డర్లు ముమ్మరమయ్యే కాలం. గిడ్డంగుల్లో సరుకు ఉండి కూడా దుకాణాలకు చేరలేదు. పది కోట్ల డాలర్లకు పైబడిన ఆర్డర్లు నెరవేరలేదు. అదే సంస్థ 2002లో అదే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు సాఫీగా మారగలిగింది. దీన్నిబట్టి మొదటిసారి దెబ్బతీసినవి కాలనిర్ణయం, పరీక్షల కొరత అని చెప్పుకోవచ్చు.

జర్మనీకి చెందిన చిల్లర వర్తక సంస్థ లిడ్ల్ కథ వేరు. 2011లో మొదలుపెట్టిన ప్రాజెక్టును ఆ సంస్థ 2018లో విరమించుకుంది. అప్పటికి దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయినట్లు పత్రికలు రాశాయి. లిడ్ల్ తన నిల్వల విలువను కొనుగోలు ధర ప్రకారం లెక్కగట్టేది. సాఫ్ట్‌వేర్ మాత్రం అమ్మకపు ధర ఆధారంగా రూపొందింది. సంస్థ తన పద్ధతిని వదులుకోలేదు. అందువల్ల సాఫ్ట్‌వేర్‌లో మార్పుల మీద మార్పులు చేయవలసి వచ్చిందని ఆ కథనాల సారాంశం. కోట్ల మూలధనం ఉన్న సంస్థ ఇటువంటి నష్టాన్ని తట్టుకోగలదు. కళాశాలకు ఆ వెసులుబాటు ఉండదు.

4. ముందు పని, తర్వాత సాఫ్ట్‌వేర్:

కాబట్టి విక్రేతలను పిలవకముందే సంస్థ తన పనులను కాగితం మీద రాసుకోవాలి. ప్రతి పనికీ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు: అది ఎక్కడ మొదలవుతుంది? ఎవరి చేతులు మారుతుంది? ఎవరు ఆమోదిస్తారు? చివరకు ఏ పత్రం వెలువడుతుంది? గుమాస్తాలను, గ్రంథపాలకులను, పరీక్షల విభాగం వారిని కూర్చోబెట్టి అడిగితేనే వాస్తవ విధానం బయటపడుతుంది. నియమావళిలో ఉన్న విధానానికీ, బల్ల మీద నడిచే విధానానికీ తేడా ఉండవచ్చు.

ఫీజుల విషయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మన రెండు రాష్ట్రాల్లోనూ అర్హులైన విద్యార్థుల ఫీజును రీయింబర్స్‌మెంట్ పథకం కింద ప్రభుత్వం భరిస్తుంది. తెలంగాణలో ఈ దరఖాస్తులు ఈ-పాస్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి ద్వారా సాగుతాయి. ఆ సొమ్ము విద్యాసంవత్సరం ముగిశాక కూడా రావచ్చు. విద్యార్థే మొత్తం ఫీజు చెల్లిస్తాడన్న ఊహతో తయారైన సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి తెలియదు. గడువు దాటగానే ఆ విద్యార్థిని బకాయిదారుల పట్టికలో చేరుస్తుంది. హాల్‌టికెట్‌నో, బదిలీ ధ్రువపత్రాన్నో ఆ పట్టికతో ముడిపెట్టి ఉంటే దాన్ని ఆపేస్తుంది. ప్రభుత్వం చెల్లించవలసిన మొత్తానికి పిల్లవాడు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఒకే ఫీజును విద్యార్థి వాటా, ప్రభుత్వ వాటా అని రెండు ఖాతాలుగా చూపగలదా అన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న. ఇంత ముఖ్యమైన ప్రశ్న విక్రేతలిచ్చే సదుపాయాల జాబితాలో కనిపించకపోవచ్చు.

బయటి వ్యవస్థలతో ఇచ్చిపుచ్చుకోవడం మరో అంశం. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల సమాచారం ‘దోస్త్’ నుంచి వస్తుంది. పరీక్షల వివరాలు విశ్వవిద్యాలయానికి పోతాయి. అఖిల భారత ఉన్నత విద్యా సర్వేకు ఏటా గణాంకాలు పంపాలి, న్యాక్‌కు నివేదికలు సమర్పించాలి. వీటికి కావలసిన రూపంలో సమాచారాన్ని తీసుకోలేని, ఇవ్వలేని సాఫ్ట్‌వేర్ కొంటే గుమాస్తా అదే వివరాలను రెండుచోట్ల నమోదు చేయవలసి వస్తుంది. పని తగ్గడానికి కొన్నది పనిని రెట్టింపు చేస్తుంది.

5. అందుబాటులో ఉన్న మార్గాలు:

స్థూలంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది ప్రభుత్వ వేదిక. కేంద్ర విద్యాశాఖ ఆధ్వర్యంలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘సమర్థ్’ ఉన్నత విద్యాసంస్థల కోసమే ఉద్దేశించినది. రెండవది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ముంబయి సంస్థ ఫ్రాపే రూపొందించిన ‘ఇ.ఆర్.పి.నెక్స్ట్’ ఈ కోవలోనిది. గ్రంథాలయాల కోసం న్యూజిలాండ్‌లో పుట్టిన ‘కోహా’ కూడా ఇటువంటిదే. మూడవది వాణిజ్య సంస్థలు అమ్మే సాఫ్ట్‌వేర్. ఒక మార్గం అన్ని సంస్థలకూ మేలైనదని చెప్పలేం. ప్రభుత్వ వేదికలో మన ప్రత్యేక అవసరాలకు చోటు ఎంత ఉందో చూడాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేకపోయినా, దాన్ని నెలకొల్పి నిర్వహించే మనిషి కావాలి. వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లో ఆ సేవ దొరుకుతుంది గాని ఒకే విక్రేత మీద ఆధారపడవలసి వస్తుంది. గ్రంథాలయంలో ఇప్పటికే బాగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఉంటే, దాన్ని తీసివేయకుండా కొత్త వ్యవస్థతో అనుసంధానించడం మేలు.

6. తెలుగు పేరుతో పరీక్ష:

మాకు ఒక విక్రేత చూపిన ప్రదర్శనలో అన్నీ చక్కగా ఉన్నాయి. పేర్లన్నీ ఆంగ్ల లిపిలోనే ఉన్నందువల్ల ఒక్క ధ్రువపత్రాన్ని తెలుగులో ముద్రించమని అడిగాము. తెరమీద సవ్యంగా కనిపించిన పేరు పి.డి.ఎఫ్.లో ఒత్తులు విడిపోయి వచ్చింది. పి.డి.ఎఫ్. తయారుచేసే ఉపకరణాలు కొన్ని అక్షరాలను వరసగా పేర్చగలవే గాని సంయుక్తాక్షరాలను కూర్చలేవు. ఆ రోజు సాంకేతిక నిపుణుల కంట పడని లోపం భాషాధ్యాపకుల కంట పడింది. అప్పటినుంచి మేము నాలుగు పరీక్షలను తప్పనిసరి చేశాము.

ఒకటి, నిడివి. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాల మాట. యూనికోడ్‌లో హల్లులు, పొల్లు గుర్తులు, గుడి కలిపి ఏడు సంకేతాలు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్ల చొప్పున మొత్తం 21 బైట్లు. పేరు గడి నిడివిని బైట్లలో 30కి పరిమితం చేసిన వ్యవస్థలో ‘సుబ్బలక్ష్మి’ పట్టదు. ‘సుబ్బలక్ష్’ దగ్గర తెగిపోతుంది.

రెండు, అకారాది క్రమం. యూనికోడ్ పట్టికలో ‘ళ’ స్థానం ‘ల’ తర్వాత, ‘వ’కు ముందు. మన వర్ణమాలలో అది ‘హ’ తర్వాతిది. సంకేత సంఖ్యలను బట్టి మాత్రమే వరస పేరిస్తే ‘కళావతి’ ముందు, ‘కవిత’ వెనుక వస్తాయి. నిఘంటు క్రమానికి అలవాటుపడినవారు గ్రంథసూచిలో వెతికినచోట పుస్తకం కనిపించదు.

మూడు, పేరు నిర్మాణం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, తరచుగా పొడి అక్షరాల్లో ఉంటుంది. మొదటి పేరు, చివరి పేరు అనే రెండు గడులను తప్పనిసరి చేసిన సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క విధంగా నింపుతాడు. పైగా లక్ష్మిని ఆంగ్ల లిపిలో ఒకరు ‘ఎక్స్’ అక్షరంతోనూ, మరొకరు ‘కె.ఎస్.హెచ్.’ అక్షరాలతోనూ రాస్తారు. ఒకే వ్యక్తి ఇద్దరుగా నమోదు కావడానికీ, పదోతరగతి మెమోకూ ఆధార్‌కూ పొంతన కుదరకపోవడానికీ ఇదే దారి. పేరు పూర్తిగా ఒకే గడిలో, మెమోలో ఉన్నట్లు నమోదు చేసే వీలుండాలి.

నాలుగు, పాత సమాచారం. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన రికార్డులు కంటికి తెలుగుగా కనిపించినా కంప్యూటర్‌కు తెలుగు కావు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, సరిచూసే పని ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

7. ఖర్చు – ఒప్పందం – అమలు:

కొనుగోలు ధర మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. మార్పుచేర్పులు, పాత రికార్డుల తరలింపు, శిక్షణ, సర్వర్, వార్షిక నిర్వహణ రుసుము అన్నీ కలిపి అయిదేళ్ళకు లెక్కగట్టి పోల్చాలి. తక్కువ ధర చెప్పినవారికి పని అప్పగించే పద్ధతి ఉన్నచోట, సాంకేతిక అర్హతలోనే పై పరీక్షలను చేర్చాలి. పరీక్ష నెగ్గినవారి ధరలనే విప్పి చూస్తే నాణ్యత మొదటే వడకట్టబడుతుంది.

ఒప్పందంలో అన్నిటికన్నా ముఖ్యమైనది నిష్క్రమణ నిబంధన. విక్రేతతో సంబంధం తెగిన రోజున విద్యార్థుల రికార్డులు మొత్తం, జతచేసిన పత్రాలతో సహా, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే రూపంలో తిరిగి రావాలి. ఈ హామీని మాటగా తీసుకోక, ప్రదర్శన రోజునే సమాచారాన్ని బయటికి తీయించి చూడాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాను మరొక సంస్థ చేత నిర్వహింపజేసినా బాధ్యత దాన్ని సేకరించిన సంస్థదే. ఆ చట్టం దృష్టిలో 18 ఏళ్ళు నిండనివారు పిల్లలు. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరేవారిలో ఆ వయసువారు ఉంటారన్నది గుర్తుంచుకోవాలి.

ప్రవేశాలు, పరీక్షలు జరిగే రోజుల్లో అమలు ప్రారంభించడం హెర్షీ చేసిన తప్పును మళ్ళీ చేయడమే. ఒక విభాగంతో మొదలుపెట్టి, కొంతకాలం పాత రిజిస్టర్లనూ కొత్త వ్యవస్థనూ సమాంతరంగా నడిపి, రెండింటి మొత్తాలు సరిపోయిన తర్వాతే రిజిస్టర్లను ఆపాలి.

8. ముగింపు:

పై చర్చ వల్ల తేలిన అంశాలు ఇవి:

1. సంస్థ తన పనివిధానాన్ని రాసుకున్న తర్వాతే విక్రేతలను పిలవాలి.
2. సాఫ్ట్‌వేర్‌కూ సంస్థకూ పద్ధతి కలవనిచోట ఎవరు మారాలన్నది కొనుగోలుకు ముందే నిర్ణయించుకోవాలి.
3. విక్రేత నమూనాలతో కాక, వ్యక్తిగత వివరాలు మార్చిన సొంత రికార్డులతో, రోజూ ఆ పని చేసే గుమాస్తా చేతనే పరీక్ష చేయించాలి. రీయింబర్స్‌మెంట్ విద్యార్థి, పేరు మారిన విద్యార్థి, మధ్యలో చేరిన విద్యార్థి ఆ రికార్డుల్లో ఉండి తీరాలి.
4. తెలుగులో నమోదు, అకారాది క్రమం, ముద్రణ మూడూ సరిగా ఉన్నాయో లేదో భాషాధ్యాపకులు సరిచూడాలి.
5. సమాచారం తిరిగి వచ్చే దారి ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి.

ఈ అయిదింటిలో కంప్యూటర్ శాస్త్రం చదివినవారే చేయగలిగింది ఒక్కటీ లేదు. కమిటీలో పేరున్న ప్రతి అధ్యాపకుడూ సంతకం చేయడానికి ముందు తన విద్యార్థి ఒకరి పేరును ఆ సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేసి, ప్రవేశం నుంచి బదిలీ ధ్రువపత్రం దాకా నడిపించి చూడగలడు. ఆ పేరు చెక్కుచెదరకుండా చివరిదాకా వస్తే ఎంపిక సరైన దారిలో ఉన్నట్లు భావించవచ్చు.