ముందు ఆ యాసిడ్ సీసా పక్కన పెట్టండి

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో సింకు జామైనా ప్లంబర్‌ కంటే ముందు నాకు ఫోనొస్తుంది. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని కదా, ఏదో ఒకటి తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. అసలు కారణం వేరు. నాది గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు. పై నాలుగు అంతస్తుల అంట్ల నీళ్లూ స్నానాల నీళ్లూ మా గోడ పక్కనుంచే దిగుతాయి. కింద లైనులో అడ్డం పడిందంటే మొదట పొంగేది మా బాత్రూమే. ఈ విద్య నేను సరదాకి నేర్చుకున్నది కాదు.

"ఆంటీ, యాసిడ్ కూడా పోశాను, అయినా నీళ్లు కదలట్లేదు." ఫోను చేసినవాళ్లు ఎక్కువగా అనే మాట ఇది. నేననేది కూడా ఎప్పుడూ ఒకటే: ఇంకేమీ పోయకమ్మా, అడ్డం ఎక్కడుందో ముందు చూద్దాం.

చూడటానికి పనిముట్లేమీ అక్కర్లేదు. వంటింటి సింకు ఒక్కటే నిలిచిందా, బాత్రూమ్ తూము కూడా మందగించిందా? ఒక్కటే అయితే అడ్డం చాలావరకు ఆ సింకు కిందే, చేతికందే దూరంలో ఉంటుంది. అన్నీ ఒకేసారి మొరాయిస్తే గొడవ బయటి లైనులో ఉన్నట్టు. అప్పుడు ఛాంబర్ మూత పలుగుతో ఎత్తించి, ముఖం దూరంగా పెట్టుకుని ఒకసారి తొంగిచూడాలి. ఛాంబర్ నిండి ఉంటే అడ్డం దాని అవతల, వీధి వైపు. ఖాళీగా ఉంటే ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య. ఈ మాత్రం చూడకుండానే బాత్రూమ్ టైల్స్ పగలగొట్టించుకున్నవాళ్లు నాకు తెలుసు.

సింకు సంగతికొద్దాం. పోపు గింజలు, కరివేపాకు, చింతపిప్పి, టీ పొడి, గ్రైండర్ కడిగిన దోసెల పిండి, అన్నీ అందులోకే పోతాయి. అయితే వీటన్నిటినీ పట్టి ఉంచే జిగురు నూనెది. మూకుట్లో వేడిగా ఉన్నప్పుడు చక్కగా జారిపోయిన నెయ్యీ డాల్డా పైపులోకి వెళ్లి చల్లబడి, గోడకు అంటుకుంటాయి. దానికి మా హైదరాబాద్ బోరు నీళ్లు తోడు. ఆ నీళ్లలో కాల్షియం ఎక్కువ. అది నూనెలోని కొవ్వు ఆమ్లాలతోనూ, సబ్బుతోనూ కలిసి నీళ్లలో కరగని మడ్డిగా మారుతుంది. స్నానాల బకెట్ అంచున పేరుకునే తెల్లటి పొర అదే. 2017లో లండన్‌లో వైట్‌చాపెల్ కింద మురుగు కాలువలో ఇలాంటి కొవ్వు గడ్డే బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు సుమారు 130 టన్నులు. దాన్ని పగలగొట్టి తీయడానికి వారాలు పట్టింది.

ఈ జిడ్డు మీద బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తే ఏమవుతుంది? దాదాపు ఏమీ కాదు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నపు మరకల్ని తింటుంది, టైల్స్ మధ్య సిమెంటునూ తింటుంది, స్టీలు సింకు మెరుపునూ తింటుంది. నూనె జోలికి మాత్రం పోదు. దుకాణాల్లో దొరికే డ్రైనేజీ పొడి వేరు. అందులో ఉండేది ముఖ్యంగా కాస్టిక్ సోడా, అది నూనెను నిజంగానే సబ్బుగా మారుస్తుంది. కాకపోతే నీళ్లు కొద్దికొద్దిగానైనా దిగుతుంటేనే దానివల్ల ఉపయోగం. పూర్తిగా మూసుకుపోయిన పైపులో పోస్తే అడ్డం దాకా చేరకుండా పైనే కూర్చుంటుంది, నీళ్లను సలసలా మరిగిస్తుంది, ఒక్కోసారి అదే రాయిలా గడ్డకట్టి రెండో అడ్డమవుతుంది. ఆ తర్వాత కింద పైపు విప్పినవాడి చేతుల మీదా కళ్లలోనూ పడుతుంది. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ప్లంబర్ వస్తే నీళ్లిచ్చే ముందు చెప్పాల్సింది, ఏం పోశారో.

వంటసోడా, వెనిగర్ చిట్కా గురించి కూడా అడుగుతారు. బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్లు. దానికంటే గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త పోసి, వెనకాలే వేడినీళ్లు పోయడం నయం. మరిగే నీళ్లు వద్దు. పీవీసీ పైపు 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది.

నేనైతే ముందు సింకు కింద బకెట్ పెడతాను. అక్కడ చిన్న డబ్బాలా వేలాడేది బాటిల్ ట్రాప్. దాని అడుగు మూతను చేత్తోనే తిప్పి విప్పొచ్చు. లోపలున్నది గుమ్మని వాసనొస్తూ బకెట్‌లో పడుతుంది. అక్కడుండే రబ్బరు వాషర్‌ను జాగ్రత్తగా పక్కన పెట్టుకుని, డబ్బాను పాత టూత్‌బ్రష్‌తో కడిగి మళ్లీ బిగించాలి. వంటింటి అడ్డాల్లో ఎక్కువ వాటికి ఇదే మందు. బిగించాక కింద పొడి న్యూస్‌పేపర్ పరిచి సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి. కారుతుంటే కాగితమే చెబుతుంది.

మీ సింకు కింద ఆ డబ్బా లేకుండా ముడతల ముడతల పైపు నేరుగా నేలలోకి పోతుంటే, ఆ పైపునే కొంచెం వంచి యు ఆకారంలో కట్టేయండి. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి, కింది కంపునీ బొద్దింకల్నీ పైకి రానివ్వవు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాలు చేసేవాడు మరుగుదొడ్డి పైపుకు ఇలాంటి వంపు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. ఆ నీళ్లు ఎండిపోతే ఏమవుతుందో 2003లో హాంకాంగ్‌లో తెలిసింది. అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో సార్స్ జబ్బు మూడు వందలమందికి పైగా సోకింది. ఎండిపోయిన బాత్రూమ్ తూముల్లోంచి అది వ్యాపించి ఉంటుందని అక్కడి ఆరోగ్య శాఖ దర్యాప్తు తేల్చింది. వాడని బాత్రూమ్ ఉంటే వారానికోసారి ఒక చెంబుడు నీళ్లు పోయమని నేను మా వాళ్లందరికీ చెప్పేది అందుకే.

బాత్రూమ్‌లో శత్రువు వెంట్రుక. కొబ్బరినూనె, షాంపూ సాషే చింపిన మూల, సబ్బు ముక్క దానికి చుట్టుకుంటాయి. నరక చతుర్దశి తలంట్లయ్యాక మా బిల్డింగ్‌లో తూములన్నీ ఒకేసారి మొండికేస్తాయి, సున్నిపిండి మహిమ. స్టీలు జాలీ ఎత్తితే కింద బోర్లించిన గిన్నె ఒకటి కనిపిస్తుంది. తొడుగులు వేసుకుని దాన్ని తీసి, వెంట్రుకలు లాగేసి, మళ్లీ పెట్టేయండి. నీళ్లు తొందరగా పోతాయని కొందరు ఆ గిన్నెను అటకెక్కిస్తారు. తర్వాత బొద్దింకల మందుకు ఖర్చు పెడతారు.

రబ్బరు పంపు వాడేటప్పుడు దాని కప్పు మునిగేంత నీళ్లుండాలి. సింకుకు పైన ఇంకో చిల్లుంటే తడిగుడ్డతో మూయాలి, లేకపోతే మీ బలమంతా అందులోంచి గాలిగా పోతుంది. అందరూ నొక్కడం మీదే చూపు పెడతారు, నిజానికి పైకి లాగే కుదుపే అడ్డాన్ని ఎక్కువ కదిలిస్తుంది. అప్పటికీ కాకపోతే హార్డ్‌వేర్ షాపులో దొరికే స్ప్రింగు వైరు. దాన్ని తోయకూడదు, పిడి తిప్పుతూ పంపాలి, తిప్పుతూనే వెనక్కి తీయాలి. దీనికి మోటారు తగిలించింది కూడా ఒక ఔత్సాహికుడే. అమెరికాలో అయోవా రాష్ట్రంలో శామ్యూల్ బ్లాంక్ అనే ఆయన, కొడుకు ఉంటున్న ఇంటి డ్రైనేజీ మూసుకుపోతే, వాషింగ్ మెషీన్ మోటారు, స్కేటింగ్ చక్రాలు, ఉక్కు తీగ కలిపి ఒక యంత్రం కట్టాడు. 1930ల్లో అది పెద్ద వ్యాపారమైంది.

మనలాంటివాళ్ల హద్దు మాత్రం ఛాంబర్ అంచు దగ్గర ఆగిపోతుంది. లోపలికి ఎవరూ దిగకూడదు, ఎవరినీ దింపకూడదు. కింద పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. వాసన లేదు కదా అనుకునేలోపు మనిషి పడిపోతాడు. సరైన రక్షణ లేకుండా మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనుషుల్ని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. బయటి లైను మూసుకుంటే జెట్టింగ్ యంత్రాన్ని పిలవడమే.

ఆ యంత్రం డబ్బులెవరు కట్టాలన్న దాని మీద మా అసోసియేషన్ మీటింగులో పెద్ద యుద్ధమే జరిగింది. పొంగింది గ్రౌండ్ ఫ్లోర్‌లో కాబట్టి ఖర్చూ నాదేనని నాలుగో అంతస్తాయన వాదన. పొంగినవి ఎవరింటి నీళ్లో ఛాంబర్‌లో తేలుతున్న వాటిని బట్టి చెప్పగలనని నేనన్నాను. ఇప్పుడు ఏటా వానలకు ముందే మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి ఛాంబర్లన్నీ కడిగిస్తున్నాం. రసీదు మాత్రం ఆయన తప్పకుండా అడిగి చూస్తారు.