వాకిటి గంటకు ఎంత కరెంటు?

మహదేవపురలో మేముండే వీధిలో ఈ రెండు మూడేండ్లలో చాల ఇండ్లకు గుమ్మం పక్కన ఒక నల్లని కన్ను మొలిచినది. నొక్కితే లోపల గంట మోగుతుంది. అంతటితో ఆగక, నొక్కినవారి బొమ్మ ఇంటివారి సెల్‌ఫోనులో కనబడుతుంది, మాట వినబడుతుంది. ఇంటివారు ఎక్కడ ఉన్నా అక్కడినుంచే జవాబు చెప్పవచ్చును. దీనిని వీడియో డోర్‌బెల్ అంటారు. మన కుటుంబాలలో పిల్లలు అమెరికాలో ఉన్నవారు తక్కువ కాదు కనుక, వచ్చిపోయే వారి పెట్టెలలో చాక్లెట్లతో పాటు ఇవీ దిగుతున్నవి. మా యింటికీ అట్లే ఒకటి వచ్చినది. బిగించిన మూడు నిమిషాలలో కాలిపోయినది. ఎందుకు కాలినదో తెలిసిన తరువాత నలుగురికీ చెప్పకపోవడం తప్పని తోచి ఇది వ్రాస్తున్నాము.

ముందు అది ఎందుకు కావలసి వచ్చినదో చెప్పాలి. మేమూ మా ఇంటావిడా పగలంతా ఆఫీసులలోనే. ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. డెబ్బయి ఆరేండ్లు దాటినవి. తలుపు తట్టినవారిని నిలబెట్టి మాట్లాడడం ఆమెకు చేతకాదు. పుట్టిన ఊరి అలవాటు, ముందు లోపలికి రమ్మంటుంది. కిందటి సంవత్సరం ఒకడు మెడలో కార్డు వేసుకొని వచ్చి, గ్యాసు పొయ్యి తనిఖీ అని కన్నడంలో చెప్పినాడు. నేరుగా వంటింటిలోకి పోయి, ట్యూబు పాడైనదని తానే తేల్చి, తానే మార్చి, తొమ్మిదివందలు పట్టుకొని పోయినాడు. సాయంత్రం మేము విచారిస్తే గ్యాసు వారు ఎవరినీ పంపలేదని తెలిసినది. తొమ్మిదివందలు పోయినందుకు కాదు మా బాధ. ముక్కూ మొగమూ తెలియనివాడు వంటింటి దాకా వచ్చి పోయినాడు, సాయంత్రం దాకా మాకు తెలియనే తెలియదు.

ఈ భయం కొత్తది కాదు. న్యూయార్కు నగరంలో క్వీన్స్ అనే పేటలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. ఆమెకూ భర్తకూ వేళ కాని వేళల ఉద్యోగాలు. తరచు ఇంట్లో ఒంటరిగా ఉండవలసి వచ్చేది. పిలిస్తే పోలీసులు తొందరగా వచ్చే పేట కాదు. అందువలన తలుపుకు వేర్వేరు ఎత్తులలో రంధ్రాలు పెట్టి, వెనుక ఒక కెమెరాను అమర్చి, వచ్చినవారి బొమ్మ పడకగదిలోని టెలివిజను మీద కనబడేటట్టు ఒక ఏర్పాటును భార్యాభర్తలు కలిసి ఆలోచించినారు. 1966లో దరఖాస్తు పెట్టుకొంటే 1969 డిసెంబరులో పేటెంటు వచ్చినది. నేడు మన గుమ్మాల మీద ఉన్నవానికి అది అమ్మమ్మ వంటిది.

ఇక మా సంగతి. న్యూజెర్సీలో ఉన్న మా అన్నగారి అబ్బాయి సంక్రాంతికి వస్తూ ఒకటి తెచ్చినాడు. "బాబాయ్, ఏమీ లేదు, పాత బెల్లు తీగలు రెండూ దీని వెనుక మరలకు తగిలించడమే. మా ఇంట్లో నేనే పెట్టుకొన్నాను" అని చెప్పి రైలెక్కినాడు. మేము మా వీధి ఎలక్ట్రీషియనును పిలిచినాము. చింతామణి వైపు వాడు. మాతో తెలుగు, పనిలో చిక్కు వస్తే కన్నడం. పాత బెల్ స్విచ్ ఊడదీసి, గోడలో ఉన్న రెండు తీగలనూ కొత్తదానికి తగిలించి, మెయిన్ వేసినాడు. నీలిరంగు దీపం ఒక్కసారి వెలిగినది. వెంటనే లోపల పాత బెల్లు, ఎవరూ నొక్కకుండానే, గుర్రుమని ఒకటే కూత. చుర్రుమని వాసన. వాడు పరుగెత్తి మెయిన్ తీసేటప్పటికి పెట్టె అంచున పొగ కనబడినది. "సార్, మాల్ చెన్నాగిల్ల" అన్నాడు. సరుకు మంచిది కాదట.

సరుకు మంచిదే. తీగలోనే ఉన్నది అసలు సంగతి.

బెంగళూరుకు కరెంటు కొత్త కాదు. శివనసముద్రంలో 1902లో పుట్టిన విద్యుత్తు ముందు కోలారు బంగారు గనులకు పోయి, 1905లో ఈ ఊరి వీధి దీపాలను వెలిగించినది. ఇంతకాలం కరెంటుతో కాపురం చేసినా, మీ ఇంటి బెల్ స్విచ్ దాకా వచ్చే తీగలో ఎంత కరెంటున్నదని అడిగితే చెప్పగలవారు అరుదు. మేమూ చెప్పలేకపోయినాము. బెల్లు చిన్నది కనుక కరెంటూ చిన్నదే అనుకొంటాము. కాని మన ఇండ్లలో బెల్లుకు వచ్చేది ఫ్యానుకూ దీపానికీ వచ్చే 230 వోల్టులే. స్విచ్ బోర్డు నుంచి ఫేజు తీగ గుమ్మం పక్కకు పోతుంది. అక్కడ బొత్తాం నొక్కితే రెండవ తీగ గుండా లోపలి బెల్లుకు వస్తుంది. న్యూట్రల్ తీగ బెల్లు దగ్గరనే నిలిచిపోతుంది, గుమ్మం ముఖం చూడదు. కనుక గుమ్మం దగ్గర రెండు తీగలు కనబడినంత మాత్రాన అవి ప్లగ్గులోని రెండు తీగల వంటివి కావు.

అమెరికా ఇండ్లలో వేరు. అక్కడ ఇంటి కరెంటు 120 వోల్టులు. గంటకు అది కూడ నేరుగా పోదు. ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు దానిని 16 వోల్టుల దాపునకు దించి, ఆ తరువాతనే గుమ్మానికి పంపుతుంది. ఆ ఇండ్లను దృష్టిలో పెట్టుకొని చేసిన పెట్టెల మీద సాధారణంగా "16–24 వోల్టులు ఏ.సి." అని ఉంటుంది. మా అన్నగారి అబ్బాయి అబద్ధం చెప్పలేదు. అతని ఇంటికి అది నిజమే. మా ఇంట్లో దాని మీద పడినది పది రెట్ల పైగా. మా పెట్టెతో వచ్చిన కాగితంలో మూడవ పుటలోనే ఈ మాట ఇంగ్లీషులో అచ్చయి ఉన్నది. మాకు చదవను రాక కాదు, చదవలేదు.

కాలిపోవడమే మా అదృష్టమని తరువాత తోచినది. ఆ పెట్టె వెనుక రెండు మరలు బయటికే ఉంటవి. 24 వోల్టులను చూసి చేసిన ఒంటి మీద 230 నిలిచి ఉంటే, వానకు తడిసిన గుమ్మంలో తడిచేతితో ఎవరు నొక్కేవారో!

ఆ మీదట మేము చేసినది వివరంగా చెబుతాము. ఈ సారి బెంగళూరులోనే, అదే తరహాది కొన్నాము. ఎస్.పి. రోడ్డుకు పోయి 230 నుంచి 18 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మరు ఒకటి తెచ్చినాము. 24 ఎందుకు తీసుకోలేదంటే, బరువు తక్కువగా ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మరు తన మీద వ్రాసినదానికన్న కొంచెం ఎక్కువే ఇస్తుంది; 24 అని ఉన్నది పెట్టె హద్దును దాటవచ్చు. మా 18ది మీటరు పెట్టి చూస్తే 20 చూపినది. వోల్టులొక్కటే చాలదు, వి.ఏ. అనే లెక్క కూడ చూడాలి. తొట్టి ఎత్తు సరిగా ఉన్నా గొట్టం సన్ననిదైతే నీరు చాలదు గదా, అట్లాంటిది. 18 వోల్టులు, 2 ఆంపియర్లు, అనగా 36 వి.ఏ.; మా పెట్టె అడిగినదానికి అది సరిపోయినది. ట్రాన్స్‌ఫార్మరును మూతగల ప్లాస్టిక్ డబ్బాలో, ఫ్యూజుతో, లోపల స్విచ్ బోర్డు పక్కన పెట్టించినాము. పాత తీగలను వాడలేదు. ఆ గొట్టంలోనే ఫ్యాను తీగ కూడ పోతున్నది. ఎప్పుడైన పై తొడుగు అరిగితే 230 వచ్చి సన్న తీగలోకి దిగుతుంది. కనుక కొత్త తీగను ద్వారబంధం వెంట కేసింగులో పంపి, పాత తీగలను బోర్డు దగ్గరనే విప్పించి, కొసలకు టేపు చుట్టి మూసినాము. ఇవన్నీ ఎలక్ట్రీషియను చేతనే చేయించినాము. మా వంతు పక్కన నిలబడి కాగితం చదవడం.

అమెరికా నుంచే ట్రాన్స్‌ఫార్మరు కూడ తెప్పిద్దామనుకొనేవారికి ఒక మాట. అది 120 వోల్టులకు చేసినది, ఇక్కడ పెడితే అదే పోతుంది. ప్లగ్గులో గుచ్చే అడాప్టర్ల మీద మాత్రం సామాన్యంగా 100–240 అని ఉంటుంది; అట్లున్నవి పనికివస్తవి. మన పాత బెల్లు కూడ ఈ కొత్త ఏర్పాటులో మోగదు. లోపల ప్లగ్గులో పెట్టుకొనే వేరే గంట కొనాలి. గంట తీగ లేకుండా వాడేటప్పుడు కొన్ని రకాలకు మధ్యలో ఒక రెసిస్టరు తప్పనిసరి. అదీ కాగితంలోనే ఉంటుంది. అద్దె ఇంటివారికి ఈ తద్దినమంతా ఎందుకు? బ్యాటరీతో నడిచేవి ఉన్నవి, రెండు మరలతో పని తీరుతుంది. ఛార్జింగుకు లోపలికి తెచ్చిన పూట మాత్రం వచ్చినవారు గొళ్ళెం ఆడించుకోవలసినదే.

కరెంటు పోతే సంగతి ఏమిటి? ఇన్వర్టరు మీద ట్రాన్స్‌ఫార్మరును పెట్టి ఊరుకొంటే చాలదు. ఇంట్లోని వైఫై పెట్టె కూడ దాని మీదనే ఉండాలి. లేకుంటే వాకిట గంటకు ప్రాణముంటుంది గాని మన ఫోనుకు కబురు రాదు. 2022 సెప్టెంబరు వానలకు ఈ మహదేవపుర ప్రాంతపు లేఔట్లు నీట మునిగినప్పుడు చూసినాము. అట్టి రోజున ఇవన్నీ మూగవే. వైఫైలో 2.4, 5 అని రెండు రకాలున్నవి. ఈ గంటలలో చాలభాగం 2.4లోనే పలుకుతవి, అదే గోడలను బాగా దాటుతుంది. మొదటిసారి జత చేసేటప్పుడు ఫోనును కూడ దానిలోనే ఉంచితే సగం చిక్కులు పోతవి. మేము దీనికి ఒక ఆదివారం బలి ఇచ్చినాము. నేల నుంచి నాలుగడుగుల ఎత్తున పెడితే పెద్దవారి ముఖమూ పిల్లల ముఖమూ రెండూ పడతవి.

అంతా కుదిరిన మూడవ రోజున ఎదురింటావిడ ముగ్గు వేస్తూ లేచి నిలబడి, మా ఇంటావిడను అడిగినది: "నమ్మ బాగిలూ కాణిసుత్తా అదరల్లి?" మా వాకిలీ కనబడుతుందా దానిలో అని. పది అడుగుల వీధి, కనబడక ఏమవుతుంది? ఫోను తీసి చూస్తే ఆవిడ ముగ్గు వేయడం, ఆయన బనీనుతో పాలపాకెట్లు తీసుకోవడం, రెండు రోజులవి వరుసగా ఉన్నవి. మేము దొంగకోసం పెట్టిన కన్ను ఇరుగుపొరుగు వారి ఉదయాలను దాస్తున్నది. చాల సిగ్గయినది.

వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుండి 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినారు. ఆ వ్యాజ్యం వేసిన పుట్టస్వామిగారు మన కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా ఉండి విశ్రమించినవారే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టమేమో, ఒక మనిషి సొంత ఇంటి పనికి ఉంచుకొనే సమాచారం జోలికి రాదు. అనగా ఎదురింటావిడ ప్రశ్నకు ఆ చట్టంలో వెదుక్కోక మేమే జవాబు చెప్పాలి. కన్నును కొంచెం పక్కకు వంచే ముక్క ఒకటి పెట్టెతోనే వచ్చినది, దానిని వేయించినాము. బొమ్మలో వారి వాకిలి భాగాన్ని నల్లగా మూసే వీలు కూడ ఫోనులో ఉన్నది. మూసి, ఆవిడను పిలిచి చూపినాము. పాత బొమ్మలు ఆవిడ ఎదుటనే తుడిచినాము. మరునాడు పళ్ళెంలో చిత్రాన్నం వచ్చినది.

బొమ్మ సంగతి అట్లా తీరినది. మాట సంగతి ఇంకొకటి. ఒక రోజు ఆఫీసులో ఫోను మోగితే తీసినాము. వాకిట కూరలబండి మనిషి, గుమ్మంలో మా అమ్మ. "ఎవరు వచ్చినా లోపలికి రమ్మనవద్దంటారమ్మా మా వాళ్ళు. ఆ డబ్బాలోనుంచి మాట్లాడతారు. నాతో మాట్లాడను మాత్రం వాళ్ళకు తీరదు" అంటున్నది. కోపం లేదు, వంకాయలు ఏరుకొంటూ చెప్పిన మాట. మా పక్క బల్ల గుమాస్తా కూడ విన్నాడు. ఫోను ఎట్లా ఆపాలో తోచలేదు.

ఆ సాయంత్రం మాట నిలువచేయడం ఆపివేసినాము. ఎవరైన బొత్తాం నొక్కినప్పుడు తప్ప, ఊరికే మనిషి కదిలితే ఫోను మోగకుండ కూడ చేసినాము. గ్యాసు, నీళ్ళు, కరెంటు తనిఖీ అనేవారికి మేము ఆఫీసునుంచి జవాబు చెబుతాము. కూరలబండి మనిషితో ఆమె ఏమనుకొంటుందో మాకు వినబడదు. మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి మామూలుగా ఫోను చేస్తున్నాము. వాకిటి పెట్టెలో కాదు, ఆమె చేతి ఫోనుకు. మొదటి రోజున "ఏమిరా, ఏమైనా అయిందా?" అని కంగారు పడినది.

చింతామణి అబ్బాయి ఇప్పుడు ఎవరు పిలిచినా ముందు బెల్ స్విచ్ ఊడదీసి టెస్టరు పెట్టి చూపుతున్నాడు. కాలిన పెట్టెను తన సంచిలోనే ఉంచుకొన్నాడు, బేరంలో పనికివస్తుందని. వచ్చే ఆదివారం ఎదురింటివారికి ఒకటి బిగించవలసి ఉన్నది. ట్రాన్స్‌ఫార్మరు నిన్ననే తెచ్చి పెట్టినాము. వారి కన్నులో మా వాకిలి ఎంత పడుతుందో చూసుకోవాలి.