నాలుగు మ్యాచ్‌ల మొనగాడు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉండే మా మేనల్లుడికి రెండు ఫుట్‌బాల్ జట్లున్నాయి. సాయంత్రం మైదానంలో తను ఆడేది ఒకటి, రాత్రి కంప్యూటర్లో తను నడిపేది మరొకటి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాల్లో వాళ్లదొకటి. మొన్న రాత్రి ఫోన్ చేశాడు.

"మావయ్యా, పదిహేడేళ్ల కుర్రాడొకడు దొరికాడు. నాలుగు మ్యాచ్‌లాడితే సగటు రేటింగ్ 8. ఉన్న డబ్బంతా పెట్టి కొనేయనా?"

తొందరపడకురా అన్నాను. ఎందుకో చెప్పడానికి కాస్త లెక్క కావాలి.

ఒకే ఆటగాడి రేటింగ్ మ్యాచ్ మ్యాచ్‌కీ ఒక మార్కు అటూ ఇటూ ఊగుతుందనుకుందాం. నాలుగు మ్యాచ్‌ల సగటులో పొరపాటు సుమారు అర మార్కు. దాన్ని పావు మార్కుకు తగ్గించాలంటే ఎనిమిది మ్యాచ్‌లు చాలవు, పదహారు కావాలి. పొరపాటు మ్యాచ్‌ల సంఖ్యకు వర్గమూలం లెక్కన తగ్గుతుంది మరి. ఇంతకంటే తెలివైన సూత్రం లేదా? ఉన్న సమాచారంలోంచి ఎంత కచ్చితత్వం పిండుకోగలమో దానికొక హద్దుందని 1945లో నిరూపించినవాడు మన తెలుగువాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు. దాన్ని క్రామర్-రావు హద్దు అంటారు. పక్షపాతం లేని, అంటే ఎక్కువ వైపో తక్కువ వైపో ఒరగని, ఏ అంచనా అయినా ఆ గీత దాటి లోపలికి రాలేదు.

అయితే ఆ షరతులోనే ఒక సందుంది. కొంచెం పక్షపాతానికి ఒప్పుకుంటే? కుర్రాడి నాలుగు మ్యాచ్‌లే కాక, అతనిలాంటి కొత్తవాళ్లందరూ సాధారణంగా ఎలా ఆడతారో కూడా చూడొచ్చు. వాళ్ల సగటు 6.8 అనుకుందాం. కుర్రాడి లెక్కలో 6.8 చొప్పున పన్నెండు ఉత్తుత్తి మ్యాచ్‌లు కలపండి. మొత్తం పదహారులో అతని సొంత మ్యాచ్‌లు నాలుగే, అంటే పావు వంతు. 6.8 మీద అతను చూపిన ఆధిక్యం 1.2. అందులో పావు 0.3. కాబట్టి అంచనా 7.1. అదే కుర్రాడు ముప్పై ఆరు మ్యాచ్‌లాడి 8 నిలబెట్టుకుంటే ముప్పావు వంతు అతనిదే, అంచనా 7.7. పన్నెండు అనేది ఇక్కడ నేననుకున్న సంఖ్య. పాత ఆటగాళ్ల రికార్డులు చూసి దాన్ని నిర్ణయించుకోవాలి. ఎంతోమందిని కలిపి అంచనా వేసేటప్పుడు ఇలా సగటు వైపు లాగడమే మేలని 1950ల్లో చార్లెస్ స్టైన్ చూపించినప్పుడు గణాంక పండితులే నివ్వెరపోయారు.

ఫుట్‌బాల్ మేనేజర్ లాంటి కంప్యూటర్ ఆటల్లో, కొద్దిగా చూసి కచ్చితంగా చెప్పలేమన్న సంగతి ముందే ఇమిడి ఉంది. అందులో ఒక్కో నైపుణ్యానికి 1 నుంచి 20 దాకా మార్కులు. ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్ సరిగా చూడని ఆటగాడికి ఒకే అంకె కాక, "ఇంత నుంచి ఇంత దాకా" అని కనిపిస్తుంది. తెరవెనుక 200 మార్కుల కొలతలు రెండుంటాయి: ఇప్పటి సత్తా, ఎదగగల సత్తా. కొందరు కుర్రాళ్ల ఎదుగుదలకు స్థిరమైన అంకె ఉండదు. కొత్త ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక పరిధిలోంచి కొత్తగా పడుతుంది. ఒకే కుర్రాడు మీ కంప్యూటర్లో మహామహుడు, పక్కింటి కంప్యూటర్లో మామూలువాడు కావచ్చు.

మైదానంలో జీవితం మరీ మొండిది. ఇలాంటిదే అయిన 2001-02 నాటి ఛాంపియన్‌షిప్ మేనేజర్ ఆటలో టోంటన్ జోలా మౌకోకో అనే కుర్రాణ్ని కొనని వాళ్లు అరుదు. నిజ జీవితంలో అతను తన ఇంగ్లండ్ క్లబ్బు డెర్బీ కౌంటీ ప్రధాన జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అలాగని ఈ అంకెలు పనికిరానివీ కావు. 2008లో ఇంగ్లండ్ క్లబ్బు ఎవర్టన్ కొత్త ఆటగాళ్లను వెతకడానికి ఫుట్‌బాల్ మేనేజర్ సమాచారాన్ని వాడుకునేందుకు ఒప్పందం చేసుకుంది. ఎవర్ని చూడాలో అంకె చెబుతుంది. కొనాలో వద్దో చూశాకే తేలుతుంది.

"అయితే ఏం చేయమంటావ్?" అన్నాడు మేనల్లుడు.

"ఒక సీజన్‌కి లోన్ మీద తెచ్చుకో. ఓ పన్నెండు మ్యాచ్‌లాడించు. అప్పుడు కొను."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మావయ్యా, ఈ లెక్క తక్కువ మార్కులొచ్చిన వాళ్లని పైకి కూడా లాగుతుందా?"

"లాగుతుంది. ఏం?"

"మా కోచ్‌కి చెప్పాలి. రెండు మ్యాచ్‌లు చూసి నన్ను పక్కన కూర్చోబెట్టాడు."