వాతావరణమను మాటకు అర్థమేమి?

"వాతావరణము" అను మాట నేడు రైతుల నోట నిత్యము వినవచ్చుచున్నది. ఆకాశవాణి తెలుపునది వాతావరణమే. పంట చెడినప్పుడు మనము నిందించునదియు దానినే. సంఘ సమావేశము సామరస్యముగా జరిగినచో "మంచి వాతావరణమున జరిగినది" అందుము. ఈ మాట పుట్టుకను, అర్థములను ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సభ్యులు తెలిసికొనుట లాభకరమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇది సంస్కృత సమాసము. వాతమనగా గాలి, ఆవరణమనగా చుట్టును కప్పియుండునది. భూగోళమును చుట్టియున్న గాలిపొర యని భావము. ఆంగ్లమున దీనిని అట్మాస్ఫియర్ అందురు. ఐరోపా పండితులు 17వ శతాబ్దమున రెండు గ్రీకు పదములను జోడించి ఆ మాటను కల్పించిరి. "అట్మోస్" అనగా ఆవిరి. "స్ఫైరా" అనగా గోళము. ఆంగ్లమున అది మొదట చంద్రుని గూర్చి వాడబడినది. చంద్రునికి చెప్పదగిన గాలిపొర లేదని తరువాత తేలినది.

మన మాట గాలిని చెప్పగా, వారి మాట ఆవిరిని చెప్పుచున్నది. పొడిగాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు, ఇవి మారవు. నీటియావిరి మాత్రము దినదినమును మారును. వాన దానివలననే కలుగును. అరేబియా సముద్రము నుండి వచ్చు నైరృతి గాలి పడమటి కనుమల నెక్కునప్పుడు చల్లబడి, తన ఆవిరిలో చాలభాగము నచ్చటనే కురిసి, పొడిబారి మనవైపు దిగును. కావుననే ఆషాఢమున గాలి హోరున వీచినను మన నల్లరేగళ్లపై తరచుగా చినుకు రాలదు. గాలిని, మబ్బును చూచి విత్తనము చల్లరాదు. నేలలో పదును చూచి చల్లవలెను.

మరియొక భేదము గలదు. నేటి యెండవానలు వేరు, పెక్కేండ్ల సరాసరి వేరు. రెండవదానిని శీతోష్ణస్థితి యందురు. ఒక్క యేటి మంచివానను నమ్మి మెట్టపొలమున నీరెక్కువ కోరు పైరు వేయువాడు ఈ రెంటిని కలగాపులగము చేసి, అప్పు తెచ్చుకొనుచున్నాడు.

పత్తియు గాలిలోని ఆవిరిని పీల్చును. పొడిగాలిలో నూలు పెళుసై తెగును. తేమ తగిలిన గట్టిపడును. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘపు నేతగాండ్రకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. అమ్మకమున మాత్రము తేమ రైతునకు నష్టము. మద్దతు ధరకు కొనునప్పుడు భారత పత్తి సంస్థ నూటికి 8 పాళ్ల తేమను ప్రమాణముగా గైకొని, అంతకు మించినకొలది ధర తగ్గించి, 12 పాళ్లు దాటినదానిని నిరాకరించుచున్నది. కావున పత్తిని ఎండలో ఆరబెట్టి, మంచు పడకముందే కప్పిపెట్టి, పిమ్మట ఆదోని మార్కెట్టునకు తేవలెను.

ఇక సంఘపు వాతావరణమను మూడవ అర్థము. గాలి కంటికి కనబడదు గాని అది లేక క్షణము బ్రతుకము. సంఘమున పరస్పర విశ్వాసము అట్టిది. తూకము పెరుగుటకై ఒకడు పత్తిపై నీళ్లు చల్లినచో, కొనువాడు అందరి బోరెములను అనుమానించి అందరి ధరయు తగ్గించును. పైగాలి మన చేతిలో లేదు. ఈ వాతావరణము మాత్రము పూర్తిగా సభ్యుల చేతిలోనిదే.