బలిపీఠం, గానవేదిక: బ్రెజిల్ కతోలిక గాయకగురువులు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కతోలిక గురువుగా అభిషేకం పొందిన వ్యక్తి సమకాలీన భక్తిగాయకుడిగానూ ప్రసిద్ధి పొందినప్పుడు ఆ రెండు బాధ్యతల మధ్య ఏర్పడే సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. బ్రెజిల్ దేశానికి చెందిన పాద్రె జెజీన్యో, పాద్రె మార్సెలో రోసీల కృషి ఇందుకు ఆధారం. మన సంగీతశాస్త్రంలోని వాగ్గేయకార, గాయక భేదాన్ని కొలమానంగా తీసుకొని, గాయకగురువు సాఫల్యాన్ని దేనిని బట్టి నిర్ణయించాలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కతోలిక శ్రీసభ, గాయకగురువు, బ్రెజిల్, వాగ్గేయకారుడు, దైవార్చన, క్రైస్తవ కీర్తన.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో క్రైస్తవ మతబోధకుణ్ణి సూచించే 'పాదిరి' అనే మాట పోర్చుగీసు భాషలోని 'పాద్రె' నుంచి వచ్చింది. దానికి తండ్రి అని అర్థం. పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్‌లో నేటికీ కతోలిక గురువు పేరుకు ముందు ఈ మాటనే చేరుస్తారు. గత అర్ధశతాబ్దంలో అక్కడ 'పాడే పాద్రె' అనదగిన ఒక ప్రత్యేక వర్గం రూపొందింది. వీరు ఉదయం బలిపీఠం దగ్గర దివ్యబలిపూజ అర్పిస్తారు, సాయంత్రం వేలాదిమంది ఎదుట గానవేదికపై నిలుస్తారు. వీరి గీతాలు రికార్డులుగా, సీడీలుగా లక్షల సంఖ్యలో అమ్ముడయ్యాయి.

పూజలో గురువు గొంతు సంఘం పక్షాన పలికే గొంతు. కచేరీలో గాయకుడి గొంతు అతని సొంత ప్రతిభకు గుర్తు. ఈ రెండూ ఒకే కంఠంలో ఇమిడినప్పుడు జనం ఎవరిని వింటున్నారనే ప్రశ్న తలెత్తుతుంది. గురువునా, తారనా? భక్తిసాహిత్యాన్ని అధ్యయనం చేసేవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. దానికి బ్రెజిల్ ఇచ్చిన సమాధానాలు మాత్రం పరిశీలించదగినవి.

2. శ్రీసభ సంగీత నియమాలు:
పదవ భక్తినాథ పోపు 1903 నవంబరు 22న సంగీతంపై ఒక శాసనపత్రం వెలువరించారు. గ్రెగోరియన్ గానాన్ని అది దేవాలయ సంగీతానికి ఆదర్శంగా నిలిపింది. పియానోను, డోలు, తాళాల వంటి పెద్ద శబ్దం చేసే వాద్యాలను దేవాలయంలో నిషేధించింది. అర్చన సంగీతానికి లోబడినట్లు కనిపించడం పెద్ద దోషమని హెచ్చరించింది.

అరవై ఏళ్ళ తరువాత రెండవ వాటికన్ మహాసభ ఈ దృష్టిని విస్తృతం చేసింది. 1963 డిసెంబరు 4న ప్రకటించిన దైవార్చన సంవిధానం సంగీతాన్ని అర్చనలో అంతర్భాగంగా గుర్తించింది. విశ్వాసుల సక్రియ భాగస్వామ్యాన్ని కోరింది. ప్రజల భక్తిగీతాలను ప్రోత్సహించాలని, ఆయా జాతుల సంగీత సంప్రదాయాలకు తగిన గౌరవం ఇవ్వాలని చెప్పింది. లాటిన్‌తో పాటు ప్రజల భాషలకు పూజలో స్థానం లభించింది. తెలుగునాట దివ్యబలిపూజను తెలుగులో వినగలగడం కూడా ఈ మార్పు ఫలితమే.

ఈ రెండు పత్రాల మధ్య వైరుధ్యం కన్నా కొనసాగింపే ఎక్కువ. పాట అర్చనను మింగకూడదన్నది మొదటి దాని ఆందోళన. ప్రజలు మౌనప్రేక్షకులుగా మిగలకూడదన్నది రెండవ దాని ఆకాంక్ష. గాయకగురువు ఈ రెండు పరీక్షలకూ నిలవాలి.

3. వాగ్గేయకార గురువు - పాద్రె జెజీన్యో:
శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో వాక్కును 'మాతువు' అనీ, గేయాన్ని 'ధాతువు' అనీ పేర్కొని, ఈ రెండింటినీ కూర్చగలవాడిని వాగ్గేయకారుడన్నాడు. ఈ నిర్వచనం పాద్రె జెజీన్యోకు చక్కగా అన్వయిస్తుంది.

ఆయన అసలు పేరు జొజె ఫెర్నాండెస్ దె ఒలివెయ్‌రా. 1941లో మినాస్ జెరైస్ రాష్ట్రంలోని మషాదు పట్టణంలో జన్మించారు. 'జెజీన్యో' అనేది 'జొజె'కు ముద్దుపేరు. మన కతోలికులు 'జోజప్ప' అని పిలుచుకునే పేరు అదే. యేసు తిరుహృదయ గురువుల సభలో చేరి 1966లో గురుపట్టం పొందారు. మహాసభ ముగిసిన మరుసటి సంవత్సరమది. ప్రజల భాషలో, ప్రజల బాణీలో పాటలు అవసరమైన కాలం. గిటారు పట్టుకొని యువజనుల మధ్యకు వెళ్ళిన ఈ గురువు వందలాది గీతాలు రచించి, స్వరపరచి, పాడారు.

1975లో వచ్చిన 'ఒకానొక గలిలీయుడు' అనే గీతం యేసు జీవితాన్ని కథాగేయంగా చెబుతుంది. సిద్ధాంత పరిభాషతో పని లేకుండా, ఊరివాడి గురించి ఊరివారికి చెప్పినట్లు సాగడం దాని ప్రత్యేకత. 'కుటుంబం కోసం ప్రార్థన' అనే ఆయన మరొక గీతం దేవాలయం దాటి ఇళ్ళలోకి, పెళ్ళి వేడుకల్లోకి ప్రవేశించింది. ఆయన ఎంచుకున్న వస్తువులు కుటుంబం, పేదరికం, న్యాయం, మరియమాత. కల్పన కన్నా బోధన ముఖ్యమని భావించిన ఆయన, ప్రసార మాధ్యమాల ద్వారా మతబోధ చేయడాన్ని గురించి గురువిద్యార్థులకు ఏళ్ళ తరబడి పాఠాలు కూడా చెప్పారు.

2012లో ఆయనకు పక్షవాతం వచ్చింది. అయినా ఆయన గీతాలను జనం పాడటం ఆగలేదు. వాటిని ఆదివారాల్లో పాడే సంఘాలకు ఆయన కంఠం అవసరం లేదు. గిటారు వాయించగల ఒక యువకుడు, పదాలు తెలిసిన జనం ఉంటే చాలు.

4. గాయకగురువు - పాద్రె మార్సెలో రోసీ:
మార్సెలో రోసీ 1967లో సావో పాలోలో జన్మించారు. శారీరక విద్యలో పట్టభద్రులైన తరువాత 1994 డిసెంబరు 1న గురుపట్టం పొందారు. సావో పాలో మహానగరపు దక్షిణ భాగంలోని శాంతో అమారో మేత్రాసనం ఆయన కార్యక్షేత్రం. అంగవిన్యాసాలతో కూడిన ఆయన స్తుతిగానానికి 'ప్రభువు ఏరోబిక్స్' అనే పేరు స్థిరపడింది. ఒకప్పటి కర్మాగార భవనంలో ఆయన పూజకు వేలాదిమంది వచ్చేవారు. 1998లో వెలువడిన తొలి ఆల్బమ్ 30 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది.

ఈ గానరీతికి కతోలిక కరిస్మాటిక్ ఉద్యమం నేపథ్యం. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మొదలైన ఈ ఉద్యమం కొద్ది ఏళ్ళలోనే బ్రెజిల్ చేరింది. చేతులెత్తి స్తుతించడం, చప్పట్లు, కన్నీళ్ళు దీని ప్రార్థనారీతిలో భాగాలు. రోసీ ప్రసిద్ధ గీతాల్లో ఇతరులు రచించినవి చాలా ఉన్నాయి. కాబట్టి మన పరిభాషలో ఆయన ప్రధానంగా గాయకుడు. రచన కన్నా జనసమూహాన్ని ఒక్క లయలోకి తేవడంలోనే ఆయన ప్రతిభ ఉంది. దీనిని తక్కువగా చూడనవసరం లేదు. పదిమందిని తనతో పాడించే భజనగురువు సొంతంగా కీర్తన రాశాడా అని మనం అడగం.

2010లో ప్రచురితమైన ఆయన 'అగాపె' పుస్తకం లక్షలాది ప్రతులు అమ్ముడైంది. ఆ రాబడి ప్రసిద్ధ వాస్తుశిల్పి రుయ్ ఒహ్తాకె రూపకల్పన చేసిన నూతన దేవాలయ నిర్మాణానికి తోడ్పడింది. 'దేవుని తల్లి' పేరిట వెలసిన ఆ ఆలయం 2012 నవంబరు 2న ప్రారంభమైంది.

5. కీర్తి, ధనం, దేహం:
గాయకగురువుల విషయంలో ధనం గురించిన ప్రశ్న తప్పదు. గురువులు అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదని శ్రీసభ ధర్మశాస్త్రం 286వ సూత్రం చెబుతుంది. మఠసభలో చేరి పేదరిక వ్రతం పట్టిన జెజీన్యో వంటివారి సంపాదన 668వ సూత్రం ప్రకారం సభకే చెందుతుంది. రోసీ వంటి మేత్రాసన గురువులకు ఆ వ్రతం లేదు. నిరాడంబర జీవితం గడపాలనే సాధారణ నియమం వారికి వర్తిస్తుంది. పాట ఒకటే అయినా, పాడినవాడి స్థితిని బట్టి దాని ఫలం వేరు మార్గంలో ప్రవహిస్తుంది.

కీర్తి భారం దేహం మీదా మనసు మీదా పడుతుంది. కుంగుబాటుకు లోనైన సంగతిని రోసీ బహిరంగంగా చెప్పారు. 2019 జులై 14న కషుయెరా పౌలిస్తాలో పూజ చేస్తుండగా ఒక స్త్రీ ఆయనను వేదిక మీది నుంచి కిందకు తోసివేసింది. ఆయన లేచి తిరిగి వచ్చి పూజను పూర్తి చేశారు, ఫిర్యాదు చేయలేదు. మన పరిశీలనకు ఈ ఘటన ముఖ్యం. ఒక కచేరీ మధ్యలో ఆగితే టికెట్టు సొమ్ము తిరిగి ఇచ్చి సరిపెట్టవచ్చు. బలిపూజను పూర్తి చేయడం మాత్రం గురువు ధర్మం. ఆనాడు మళ్ళీ బలిపీఠం చేరిన వ్యక్తిలో తార కన్నా గురువే ముందున్నాడు.

6. జనగణన చెప్పే మాట:
గాయకగురువుల విజయాన్ని సంఘసభ్యుల సంఖ్యతో కొలవడం పరిపాటి. ఆ కొలత ప్రకారం ఫలితం నిరాశాజనకం. బ్రెజిల్ జనాభాలో కతోలికులు 1970లో సుమారు 92 శాతం. 2010 నాటికి అది 65 శాతానికి, 2022 నాటికి 57 శాతానికి తగ్గింది. ఇదే కాలంలో ఇవాంజెలికల్ సంఘాలు బాగా పెరిగాయి. లక్షలాది ఆల్బములు ఈ ప్రవాహాన్ని ఆపలేదు.

అయితే ఈ అంకెలు పాట వైఫల్యాన్ని నిరూపించవు. వలసలు, నగరీకరణ, గురువుల కొరత వంటి కారణాలు ఒక గీతానికి లొంగేవి కావు. పాట చేయగలిగింది పాట చేసింది. లాటిన్ పూజను మౌనంగా విన్నవారి పిల్లలకు సొంత భాషలో సొంత గొంతు ఇచ్చింది.

7. తెలుగు క్రైస్తవ కీర్తనతో అన్వయం:
ఈ చర్చ తెలుగువారికి దూరమైనది కాదు. పురుషోత్తమ చౌధరి (1803-1890) ప్రొటెస్టెంటు సంప్రదాయానికి చెందిన బోధకుడు, వాగ్గేయకారుడు. ఆయన కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' ద్వారా నేటికీ సంఘాల్లో వినిపిస్తున్నాయి. ఆయన గళం ఎలా ఉండేదో నేడు ఎవరికీ తెలియదు. ధ్వనిముద్రణ లేని కాలంలో పాట నిలవాలంటే జనం నోట పడటం ఒక్కటే మార్గం. నేడు ధ్వనిముద్రణ, దృశ్యమాధ్యమం గాయకుడి ముఖాన్ని పాట కన్నా ముందు నిలుపుతున్నాయి. తెలుగు సంఘాల్లోనూ వాద్యబృందం స్థాయి పెరిగి, స్థాయి అందుకోలేని సంఘం వినడానికే పరిమితమయ్యే సందర్భాలు కనిపిస్తున్నాయి. సామాన్యులు అందుకోగల శ్రుతి, గుర్తుండే పల్లవి, అర్థమయ్యే చరణం భక్తిగీతానికి అలంకారాలు కావు, అవసరాలు.

8. ముగింపు:
జెజీన్యో, రోసీల కృషిని పోల్చినప్పుడు ఒకరిని ఎక్కువ, మరొకరిని తక్కువ చేయడం సరికాదు. మొదటివారు గీతాన్ని ఇచ్చారు, రెండవవారు సమూహాన్ని కూర్చారు. శ్రీసభ నియమాలు రెండింటికీ చోటిచ్చాయి. కాని కాలపరీక్షకు నిలిచేది గాయకుడు లేనప్పుడు కూడా సంఘం పాడుకోగల గీతమే. గాయకగురువు సాఫల్యాన్ని అతని శ్రోతల సంఖ్యతో కాక, అతని పాటను తమ ప్రార్థనగా చేసుకున్నవారిని బట్టి నిర్ణయించడం ఉచితం.

తెలుగునాట విచారణల పాటల పుస్తకాల్లో ఉన్న గీతాలను రచయిత, బాణీ, కాలం వివరాలతో నమోదు చేయడం ఈ దిశలో తక్షణం జరగవలసిన పరిశోధన. వాటిని పాడిన, నేర్పిన వృద్ధ గురువులు, ఉపదేశకులు మన మధ్య ఉండగానే ఆ పని చేయాలి. పాట జనం నోట ఎలాగూ నిలుస్తుంది. దానిని కట్టినవారి పేరు నిలపడం పరిశోధకుల బాధ్యత.