తెల్లమద్ది – ఏటిగట్టు ఔషధ వృక్షము

మూలికల దుకాణములో పొట్లము కట్టి యిచ్చు మద్దిచెక్క మన ఇండ్లలో పలువురకు పరిచితమే. కాని ఆ చెక్కనిచ్చు చెట్టును చూచినవారు కొద్దిమందియే. సంస్కృతమున అర్జునము, కకుభము అనియు, తెలుగున తెల్లమద్ది, ఏరుమద్ది అనియు దీనికి పేర్లు.

ఏరుమద్ది యను పేరే దీని నివాసమును తెలుపుచున్నది. పల్లపు అడవులలో వాగుల గట్లపై, తేమగల ఒండ్రునేలలో ఇది సహజముగా పెరుగును. 20 నుండి 25 మీటర్ల ఎత్తు వరకు ఎదుగును. మ్రాను మొదలు పలకలుగా వెడల్పై నేలను గట్టిగా పట్టుకొనును. వేళ్ళు వరద కోత నుండి గట్టును కాపాడును. బెరడు నునుపుగా, తెలుపు కలిసిన బూడిద రంగున నుండి, పలుచని పెచ్చులుగా ఊడుచుండును. నల్లమద్ది బెరడు మొసలి చర్మమువలె గళ్ళు గళ్ళుగా పగిలియుండును గనుక రెంటిని తేలికగా గుర్తింపవచ్చును. తెల్లమద్ది వేసవిలో పూచును; 5 రెక్కలు గల కాయలు మరుసటి వేసవి నాటికి పండును. కొమ్మలు నరికినను తిరిగి చిగిర్చును. ఈ ఆకులను మేసియే దసలిపట్టు పురుగు గూడు కట్టును.

ఆయుర్వేదము ఈ బెరడును వగరు రుచి, శీతవీర్యము గల హృద్య ద్రవ్యముగా చెప్పినది. క్షీరపాకము చేయు విధము: 5 గ్రాముల చూర్ణమును 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, పాలు మాత్రము మిగులునట్లు సన్నని సెగపై కాచి వడగట్టవలెను. హృద్రోగులు, గర్భిణులు, రక్తపోటుకు మందులు వాడువారు వైద్యుని అడుగక దీనిని సేవింపరాదు. డాక్టరు ఇచ్చిన మాత్రలను దీనికొరకై మానరాదు. ఛాతీ నొప్పి వచ్చినచో కషాయము కాచుచు కూర్చొనక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇక చెట్టు క్షేమము. ఆకులు తయారుచేసిన ఆహారము వేళ్ళకు చేరునది బెరడు లోపలి పొర గుండానే. ఆశకొలది మ్రాను చుట్టును ఒలిచినచో వేళ్ళకు ఆహారమందక, ఎంత పెద్ద చెట్టైనను క్రమముగా ఎండిపోవును. ఒక ప్రక్కనే, నిలువుగా సన్నని పట్టీవలె, లోపలి పొరకు గాయము తగులకుండ తీసినచో బెరడు మరల పెరుగును. పెరిగిన పిదపనే రెండవ ప్రక్క తీయవలెను.

పొలము ప్రక్క వాగు గాని, ఊరి చెరువు గాని కలవారు, పండిన కాయలను నీట నానబెట్టి గట్టున నాటవచ్చును. గట్టు నిలుచును, మన మనుమల కాలమునకు మందు మిగులును.