జింకపందా, పందిజింకా?

బుకిట్ బటోక్‌లో చెట్ల చాటున అడవి పందులు కనబడటం మనవాళ్ళకు కొత్త కాదు. ఒక శనివారం తరగతిలో ఆ మాటే వచ్చింది. అప్పుడొక బాబు, "జూలో ముక్కు మీద కోరలు మొలిచిన పందిని చూశాను టీచర్. దాన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. మేము వెంటనే చెప్పలేకపోయాం. ఆ జంతువు మన దేశపు అడవుల్లో లేదు మరి!

దాని పేరు బాబీరూసా. ఇండోనేషియాలోని సులవేసి, టోగియన్, సులా, బురు దీవులు దాని పుట్టిల్లు. మలయ్ భాషలో బాబీ అంటే పంది, రూసా అంటే జింక. మన నల్లమలలో తిరిగే కణుజు (సాంబార్ జింక) శాస్త్రీయనామంలోనూ ఈ 'రూసా'యే ఉంది.

పై దవడ పళ్ళు కిందికి దిగడం లోకరీతి. మగ బాబీరూసా పైకోరల కుదుళ్ళు మాత్రం పైకి తిరిగి ఉంటాయి. అందుకని ఆ కోరలు నోట్లోకి రాకుండా, మూతి పైచర్మాన్ని చీల్చుకుని వచ్చి, నుదుటి వైపు వంకీ తిరుగుతాయి. అరగక అలాగే పెరిగితే ఒక్కోసారి పుర్రెలోకే గుచ్చుకుంటాయట, పాపం! చూడటానికి భయంగా ఉన్నా అవి పెళుసు. మగవి పోట్లాడేటప్పుడు వెనుక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళతో బాక్సింగ్ చేస్తాయి.

ఇక పేరు సంగతి. పిల్లలూ, ఇక్కడొక తమాషా ఉంది. మలయ్‌లో అసలు పదం ముందు, దాని గుణం చెప్పే పదం తర్వాత వస్తాయి. బుకిట్ బటోక్‌లో 'బుకిట్' అంటే కొండ, ముందే వచ్చేసింది. మన నల్గొండ, గోల్కొండల్లో కొండ చివర ఉంటుంది. కాబట్టి బాబీరూసాని ఉన్నదున్నట్టు 'పందిజింక' అన్నామంటే అది జింక అయిపోతుంది! 'జింకపంది' అనాలి. ఒక పాప 'కొమ్ముపంది' అంది. వినడానికి బాగుంది గానీ, అవి కొమ్ములు కావు, పళ్ళు.

సులవేసిలోని ఒక గుహలో ఆడ బాబీరూసా బొమ్మ ఉంది. అది కనీసం 35,400 ఏళ్ళనాటిదని 2014లో తేల్చారు. అంతకాలంగా మనుషులకు తెలిసిన ఈ జంతువు, వేట వల్లా అడవుల నరికివేత వల్లా ఇప్పుడు తగ్గిపోతోంది.

ఈసారి జూకి వెళితే కోరలు చూసి మగదో ఆడదో అమ్మానాన్నలకు మీరే చెప్పండి. 'జింకపంది' కంటే మంచి పేరు తోస్తే తరగతికి పట్టుకురండి, బోర్డు మీద రాద్దాం.